టమాట వేళ్లకు బుడిపెలు: వేప పిండి, ఆముదం పిండి వేస్తే పోతాయా?

దేవరకొండ చెల్క
అందరికీ నమస్తే. మాది దేవరకొండ దగ్గర. ఎకరంనర ఎర్ర చెల్క, ఒక బోరు, డ్రిప్పు. వానాకాలం వంకాయ పెట్టాం, యాసంగికి అదే మడిలో టమాట. పూత దాకా తోట బాగానే ఉంది. తర్వాత మడి మధ్యలో రెండు మూడు చోట్ల చెట్లు గిడసబారాయి. మధ్యాహ్నం ఆకులు వాలేస్తాయి, పొద్దుగూకితే మళ్లీ లేస్తాయి. నీళ్లు చాలట్లేదేమోనని డ్రిప్పు ఇంకో గంట వదిలాం, మార్పు లేదు. ఆకులు పసుపుబారితే షాపాయన సూక్ష్మపోషకాల మందు ఇచ్చాడు, దానికీ తిరగలేదు. నిన్న ఒక చెట్టు పీకి కడిగి చూస్తే వేళ్లు అల్లం కొమ్ముల్లా ఉబ్బి ఉన్నాయి. సన్న వేళ్లు దాదాపు లేవు.

ఇప్పుడు షాపాయన పురుగుమందు గుళికలు చల్లమంటున్నాడు. కాయ కోస్తున్న తోటలో గుళికలేంది అని నాకు భయం. మా చిన్నాయన వేప పిండి (గింజల నూనె తీయగా మిగిలే చెక్క) వేయమంటున్నాడు. ఆముదం పిండి కూడా మా దగ్గర దొరుకుతుంది. ఏది వేయాలి, ఎంత వేయాలి, ఎప్పుడు వేయాలి? ఈ పంట నిలబడుతుందా?

కల్వకుర్తి అన్న
తమ్మీ, నువ్వు చెప్పిన దాన్ని బట్టి వేరుబుడిపె నులిపురుగే. ఫొటో కూడా అక్కర్లేదు. అయినా ఒక పని చేయి. వాలిన చెట్టు కాండం మొదలు దగ్గర జానెడు ముక్క కోసి, కోసిన కొస మునిగేలా గాజు గ్లాసు నీళ్లలో నిలువుగా పట్టుకో. ఐదు నిమిషాల్లో అక్కడ నుంచి తెల్లటి జిగురు సన్నగా కిందికి దిగితే బ్యాక్టీరియా ఎండు తెగులు కూడా తగిలినట్టే. నులిపురుగు వేరుకు చేసిన గాయంలోంచే ఆ బ్యాక్టీరియా, ఫ్యుజేరియం శిలీంద్రం లోపలికి పోతాయి. రెండూ కలిస్తే చెట్టు సాయంత్రం కూడా లేవదు. నీ చెట్లు లేస్తున్నాయంటే ఇంకా అంత దూరం పోలేదనుకుంటా.

గుళికల మాటకొస్తే, ఫోరేట్ 2020 డిసెంబరు 31 నుంచి దేశమంతా నిషేధం. ఎవరన్నా పాత సరుకు అంటగడితే తీసుకోకు. మిగతా గుళికలు కూడా కోత మీదున్న టమాటకు వద్దు. మార్కెట్‌కు పంపడమే కాదు, మన ఇంట్ల చారులో పడేది కూడా అవే కాయలు.

తోటబడి
ఉద్యానశాఖలో చేసి రిటైర్ అయినవాణ్ణి. కల్వకుర్తి వారు చెప్పింది సరైనదే. కొంచెం విడమరిచి రాస్తాను, లేకపోతే డబ్బు వృథా అవుతుంది.

ఈ పురుగు కంటికి కనపడదు. కూరగాయల్లో మనకు ఎక్కువగా తగిలేది మెలాయిడోగైన్ ఇన్‌కాగ్నిటా, తర్వాత మెలాయిడోగైన్ జవానికా. గుడ్డులోంచి వచ్చిన పిల్ల పురుగు మట్టిలో తేమ వెంట ఈది లేత వేరు కొసలోంచి దూరుతుంది. ఒక చోట స్థిరపడి అక్కడి కణాలను ఉబ్బిస్తుంది, అదే మీరు చూసిన బుడిపె. ఆడ పురుగు ఇక కదలదు. జిగురు సంచిలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది. నేల వెచ్చగా ఉంటే ఇదంతా 25–30 రోజుల్లో ముగిసి మళ్లీ మొదలవుతుంది. నాలుగైదు నెలల టమాటలో ఎన్ని తరాలు తిరుగుతాయో మీరే లెక్కేసుకోండి. ముందు వంకాయలోనే పెరిగి ఉంటాయి, టమాట నాటే నాటికి మడి నిండా కాచుకుని ఉన్నాయి.

చేదు మాట ఏమిటంటే, ఇప్పటికే వేరు లోపల కూర్చున్నదాన్ని ఏ పిండీ బయటికి లాగలేదు. పిండి పనిచేసేది మట్టిలో తిరిగే పిల్ల పురుగుల మీద, బయట ఉన్న గుడ్ల మీద. అందుకే దాని చోటు నాటు ముందు. ఈ పంటకు చేయగలిగింది ఒక్కటే: చెట్టు మొదలు చుట్టూ బాగా మాగిన పెంట, కొంచెం వేప పిండి కలిపి వేసి, పైకి మట్టి ఎగదోసి, తడి ఆరకుండా చూడండి. బుడిపె లేని చోట కొత్త వేళ్లు వస్తే మిగిలిన నాలుగైదు కోతలు గట్టెక్కుతాయి. అంతకు మించి దీని మీద ఖర్చు పెట్టకండి, ఆ డబ్బు వచ్చే పంటకు ఉంచుకోండి.

మిడ్జిల్ ప్రకృతి సేద్యం
సార్, పిండ్లు, సంచులు అవసరమే లేదు. జీవామృతం క్రమంగా పారించండి, నేలలో మంచి జీవులు పెరిగి చెడ్డవాటిని తినేస్తాయి. మా తోటలో నులిపురుగు అనే మాటే లేదు.

తోటబడి
మీ తోటలో లేకపోవడానికి వేరే కారణాలు ఉండొచ్చు. నేల ఏమిటి, ముందు ఏ పంట వేశారు?

మిడ్జిల్ ప్రకృతి సేద్యం
నల్లరేగడి. జొన్న, కంది, మధ్యలో నువ్వులు. కూరగాయలు ఒక మూలన.

తోటబడి
అదిగో. నల్లరేగడిలో ఈ పురుగు ఈదడం కష్టం, బరువు నేల. ఇసుక పాలు ఎక్కువున్న చెల్క, దుబ్బ నేలల్లోనే దీని ఆట. పైగా మీరు జొన్న, నువ్వులు తిప్పుతున్నారు. జీవామృతం వల్ల నష్టమేమీ లేదు, నేలకు మంచిదే. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రం, రెండేసి కిలోల బెల్లం, పప్పు పిండి కలిపిన 200 లీటర్లు ఎకరానికి పారిస్తే అందే సేంద్రియ పదార్థం ఎంత? నులిపురుగును అణచాలంటే నేలలో ఏదైనా టన్నుల్లోనో వందల కిలోల్లోనో కుళ్లాలి. ఆ కుళ్లడంలోనే మందు ఉంది.

నకిరేకల్ సరస్సు గట్టు
ఇది నాకు కొత్తగా ఉంది సార్. కుళ్లడంలో మందు అంటే ఏంటి? వేప చేదు వల్ల చస్తాయనుకున్నాం ఇన్నాళ్లు.

తోటబడి
చేదు కూడా ఉందమ్మా. అజాడిరాక్టిన్, నింబిన్ లాంటి పదార్థాలు పిల్ల పురుగుల కదలికను, గుడ్లు పగలడాన్ని తగ్గిస్తాయి. అది సగం సంగతి. రెండో సగం నత్రజని. నూనె తీసిన పిండ్లలో నత్రజని ఎక్కువ, ఆముదం పిండిలో నూటికి 4 పాళ్లు పైనే. తడి నేలలో సూక్ష్మజీవులు దాన్ని తిన్నప్పుడు అమ్మోనియా వస్తుంది, అది నులిపురుగుకు విషం. కొన్ని సేంద్రియ ఆమ్లాలు కూడా పుడతాయి. మూడోది, ఆ తిండి మీద శిలీంద్రాలు, బ్యాక్టీరియా లక్షలుగా పెరుగుతాయి, వాటిలో కొన్ని నులిపురుగు గుడ్లనే తింటాయి.

వరిగడ్డి, కంది కట్టె లాంటి పొడి చెత్త వేస్తే ఇదేమీ జరగదు. నత్రజని తక్కువ కాబట్టి సూక్ష్మజీవులు నేలలో ఉన్నదాన్నే లాక్కుంటాయి, పంట పసుపుబారుతుంది. కోళ్ల ఎరువు పిండి లాగే పనిచేస్తుంది. మన దగ్గర కోళ్ల ఫారాలకు కొదవ లేదు. పచ్చిది వేసి వెంటనే నాటితే మాత్రం నారు మాడుతుంది.

అదే అమ్మోనియా నారు వేరునూ కాలుస్తుంది. అందుకే పిండి వేశాక రెండు మూడు వారాలు నేల తడిగా ఉంచి, తర్వాతే నాటాలి. తడి లేకపోతే పిండి సంచిలో ఉన్నా ఒకటే, మడిలో ఉన్నా ఒకటే. డ్రిప్పు ఉన్న రైతులు సాలు తవ్వి పిండి వేసి, నీళ్లు నాటే రోజు వదులుతారు. ఇన్నేళ్లలో నేను ఎక్కువగా చూసిన పొరపాటు ఇదే.

కల్వకుర్తి అన్న
లెక్క కూడా రాయండి సార్. ఎకరానికి ఇన్ని సంచులంటే రైతు భయపడుతున్నాడు.

తోటబడి
వేప పిండి ఎకరానికి 200 నుంచి 250 కిలోలు. మడి అంతా చల్లితే పలచబడిపోతుంది, సాలులోనే వేయండి. 4 అడుగుల సాళ్లయితే ఎకరంలో సాళ్ల పొడవు దాదాపు 10,900 అడుగులు. 250 కిలోలు అందులో పంచితే అడుగుకు 23 గ్రాములు వస్తుంది. ఒకసారి తూకం వేసి ఒక గిన్నెకు గీత పెట్టుకుంటే కైకిలి వాళ్లకు చెప్పడం సులువు. 15–20 సెంటీమీటర్ల లోతు మట్టిలో కలవాలి, పైపైన ఉంటే ఎండకు పోతుంది.

చండంపేట యువరైతు
వేప పిండి పేరుతో ఏం వస్తుందో కూడా మాట్లాడండి అన్నా. మా ఊరికి వచ్చిన బండిలో సంచి విప్పితే వాసనే లేదు.

నకిరేకల్ సరస్సు గట్టు
నేను కొనే ముందు చూసే పద్ధతి చెప్తాను. గుప్పెడు పిండి గాజు సీసాలో వేసి నీళ్లు పోసి గట్టిగా కలిపి పది నిమిషాలు పెట్టండి. ఇసుక, మట్టి కలిపితే అడుగున వేరే పొరగా దిగి కనిపిస్తుంది, పొట్టు కలిపితే పైన తేలుతుంది. వేళ్ల మధ్య నలిపితే నూనె జిడ్డు తగలాలి, వాసన ముక్కుకు కొట్టాలి. నాలుక కొసకు తాకిస్తే సాయంత్రం దాకా చేదు పోదు. గానుగ, ఎక్స్‌పెల్లర్ పిండిలో కొంత నూనె మిగులుతుంది. ద్రావకంతో నూనె మొత్తం లాగేసిన పిండిలో జిడ్డు ఉండదు, దాని ధర తక్కువ. బిల్లు లేని సంచి నేను తీసుకోను.

ఇంకో మాట. మా ఊళ్లో ఎండాకాలం చివర వేపకాయలు రాలినప్పుడు ఆడవాళ్లం ఊడ్చి ఎండబెట్టి పెడతాం. దంచిన గింజల పొడి కూడా సాలులో వేయొచ్చు, నూనె తీయనిది కాబట్టి ఇంకా ఘాటు.

దేవరకొండ చెల్క
అక్కా, ఆ సీసా పరీక్ష రేపే చేస్తాను. తోటబడి సార్, ఆముదం పిండి గురించి ఎవరూ చెప్పలేదు. అది వేప కంటే అగ్గువకు దొరుకుతోంది నాకు.

కల్వకుర్తి అన్న
ఆముదం మన పంటే కదా తమ్మీ. ఉమ్మడి పాలమూరు, నల్లగొండ చెల్కల్లో ఒకప్పుడు ఎటు చూసినా ఆముదాలే. పాలెం పరిశోధన కేంద్రం నుంచి పీసీహెచ్-111 హైబ్రిడ్ వచ్చింది కూడా ఆ లెక్కనే. పిండి బాగా పనిచేస్తుంది. నేను వేపకు బదులు అదే వేస్తాను, కొన్నిసార్లు సగం సగం. నత్రజని బలంగా ఉంటుంది కాబట్టి యూరియా మొదటి దఫా మానేస్తాను.

జాగ్రత్త ఒకటి ఉంది. అందులో రిసిన్ అనే విషం ఉంటుంది. గొడ్లు తింటే చస్తాయి. కుక్కలకు ఆ వాసనంటే ఇష్టం, సాలు తవ్వి మరీ తింటాయి. వేసిన రోజే మట్టి కప్పి నీళ్లు వదలాలి, సంచులు గొడ్ల కొట్టంలో పెట్టొద్దు. చల్లేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకో, ఆ దుమ్ము కొందరికి పడదు, ఆయాసం వస్తుంది.

చండంపేట యువరైతు
మరి ఆముదం పంటే వేస్తే? పురుగు చచ్చినట్టు, గింజలు వచ్చినట్టు.

తోటబడి
వేరుబుడిపె పురుగుకు ఆముదం వేరు మీద సరిగ్గా తిండి దొరకదు, కాబట్టి మార్పిడికి బాగుంటుంది. కానీ రెనిఫార్మ్ అని ఇంకో నులిపురుగు ఉంది, బుడిపెలు చేయదు, దానికి ఆముదం, పత్తి ఇష్టం. మడిలో ఏది ఉందో తెలియకుండా వేస్తే ఒకటి తగ్గి ఇంకొకటి పెరుగుతుంది. ఒకసారి మట్టి పరీక్ష చేయించుకోండి. నల్లగొండ వాళ్లకు కంపాసాగర్ కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం) ఉంది, పాలమూరు వైపు పాలెం కేవీకే. ముందు ఫోన్ చేసి నమూనా ఎక్కడికి పంపాలో కనుక్కోండి. ఎండిన మట్టి తీసుకుపోతే పురుగులు చచ్చి ఉంటాయి. పంట ఉండగానే వేరు చుట్టూ 15–20 సెంటీమీటర్ల లోతు నుంచి తడి మట్టి పావు కిలో, కొన్ని సన్న వేళ్లు, ప్లాస్టిక్ కవర్లో వేసి నీడన పెట్టి ఇవ్వాలి.

ల్యాబుకు పోలేని వాళ్లకు ఇంటి పద్ధతి: మడిలో పది చోట్ల మట్టి తీసి కలిపి, నర్సరీ కవర్లలో నింపి బెండ గింజలో, టమాట నారో పెట్టండి. నెల పైన వారం ఆగి పీకి, కడిగి చూడండి. బుడిపెలు ఉంటే నేలలో పురుగు ఉన్నట్టే.

సాగర్ ఎడమ కాల్వ
మాది మిర్యాలగూడ వైపు. ఇంత గొడవ ఎందుకు, ఒక పంట వరి వేయండి. బురద దుక్కి చేసి నీళ్లు నిలబెడితే పురుగు ఊపిరాడక పోతుంది. మా దగ్గర వరి తర్వాత బెండ, బీర పెడితే బుడిపె అనేదే చూడం.

దేవరకొండ చెల్క
అన్నా, మీకు కాల్వ నీళ్లున్నాయి. మాకు బోరు రెండు ఇంచులు పోస్తే పండుగ.

సాగర్ ఎడమ కాల్వ
అదీ నిజమే తమ్మీ.

షాద్‌నగర్ నారు నర్సరీ
నారు సంగతి ఎవరూ ఎత్తలేదు. మడిలో ఎంత పిండి వేసినా, పురుగు తగిలిన నారు తెచ్చి నాటితే మళ్లీ మొదటికే. మట్టిలో పెంచిన నారు కొంటే రెండు మొక్కల వేళ్లు కడిగి చూడండి, ఆవగింజంత బుడిపె కనిపించినా వెనక్కి ఇచ్చేయండి. ప్రోట్రేలో (గుంటల ప్లాస్టిక్ ట్రే) కోకోపీట్‌లో (కొబ్బరి పీచు పొడి) పెంచిన నారు అయితే ఈ భయం తక్కువ, కాకపోతే ట్రేలు నేల మీద పెట్టకూడదు.

ఇంట్లో నారుమడి పోసుకునేవాళ్లు ఎండాకాలం వాడుకోండి. నారుమడి తడిపి, 25 మైక్రాన్ల పారదర్శక షీటు పరిచి అంచులు మట్టితో మూసేస్తే ఏప్రిల్, మేలో నాలుగు నుంచి ఆరు వారాల్లో పై మట్టి కాగిపోతుంది. నల్లగొండ ఎండ 44, 45 డిగ్రీలు దాటుతుంది కదా, ఇంతకంటే మంచి పొయ్యి లేదు. నల్ల మల్చింగ్ షీటుతో మట్టి అంతగా వేడెక్కదు, షీటు పారదర్శకంగా ఉండాలి.

బత్తాయి తోట, నల్లగొండ
కొంచెం పక్కకు పోతున్నా ఏమనుకోకండి. మా బత్తాయి చెట్లు ఏడాదికేడాది సన్నబడుతున్నాయి, ఆకు చిన్నది, కాయ చిన్నది. అందులో నులిపురుగు ఉందన్నారు. చెట్ల మధ్య టమాట పెడితే అంటుకుంటుందా?

తోటబడి
మీది సిట్రస్ నులిపురుగు, టైలెంకులస్. అది టమాటకు రాదు. వేరుబుడిపె పురుగు వేరే జాతి. అయినా చెట్ల మధ్య టమాట, వంకాయ వద్దు, వాటికి ఇచ్చే నీళ్లు బత్తాయికి ఎక్కువై వేరు కుళ్లు వస్తుంది. చెట్టు పాదులో వేప పిండి, పెంట వేస్తూ ఉండండి. దీని మీద వేరే చర్చ పెట్టండి, వివరంగా రాస్తాను.

చండంపేట యువరైతు
నులిపురుగును తట్టుకునే టమాట హైబ్రిడ్లు ఉన్నాయంటున్నారు కదా. పిండ్ల గొడవ లేకుండా అవి పెట్టుకోవచ్చు.

తోటబడి
ఉన్నాయి. హిసార్ లలిత్ అని హర్యానా వాళ్ల రకం ఉంది. కంపెనీ హైబ్రిడ్లలో కూడా అడవి టమాట నుంచి తెచ్చిన ఎంఐ జన్యువు ఉన్నవి ఉన్నాయి. చిక్కు ఏమిటంటే ఆ జన్యువు నేల వేడి 28 డిగ్రీలు దాటితే సరిగ్గా పనిచేయదు. మన చెల్కలో మార్చి తర్వాత నేల వేడి ఎంత ఉంటుందో చెప్పక్కర్లేదు. చలికాలం పంటకు పనికొస్తుంది, ఎండాకాలం పంటకు దాని మీద భరోసా పెట్టుకోకండి. వంకాయకు ఉస్తికాయ మొదలు మీద అంటు కట్టిన నారు నయం, ఉస్తి వేరు ఈ పురుగుకు లొంగదు. నారు ధర ఎక్కువ.

మిడ్జిల్ ప్రకృతి సేద్యం
సార్, పచ్చిరొట్ట మాటేమిటి? పెసర, అలసంద చల్లి దున్నేస్తే నత్రజని వస్తుంది కదా.

తోటబడి
ఈ మడిలో ఆ రెండూ వేయకండి. పెసర, అలసంద వేళ్లలో వేరుబుడిపె పురుగు హాయిగా పెరుగుతుంది. రైజోబియం బొడిపె అనుకుని సంతోషపడతాం. గోటితో తోస్తే ఊడి వచ్చేది రైజోబియం, వేరే ఉబ్బి ఊడకపోతే నులిపురుగు. పచ్చిరొట్టకు జనుము వేయండి. జనుము వేరులోకి ఈ పురుగు దూరినా పెరగలేదు. పూత మొదట్లో దున్నితే మెత్తగా కుళ్లుతుంది, ఆలస్యమైతే నార ముదిరి రోటవేటర్‌కు చుట్టుకుంటుంది.

నకిరేకల్ సరస్సు గట్టు
మేము జనుము కంటే బంతిని నమ్ముకున్నాం. జూన్ చివర నాటితే బతుకమ్మకు, దసరాకు పూలు. బతుకమ్మ తొమ్మిది రోజులు ఉదయం నాలుగింటికే మార్కెట్‌లో ఉంటాం, ఆ ధర దీపావళి దాకా కొంతైనా నిలుస్తుంది. పూలు అయిపోయాక చెట్లు అక్కడే దున్నేసి, పిండి వేసి, తడి పెట్టి, కార్తీకంలో వంకాయ నాటుతాం. బుడిపెలు పూర్తిగా పోలేదు కానీ చెట్టు నిలబడి కాస్తోంది. నులిపురుగు కోసమే పంట వదులుకోమంటే ఎవరూ వదలరు, దీంట్లో ఇంటికి పైసలు కూడా వస్తాయి.

తోటబడి
చాలా బాగా చెప్పారమ్మా. బంతి వేరులో ఆల్ఫా టెర్తియెనిల్ అనే పదార్థం ఉంటుంది, బతికి ఉన్న వేరులోకి పురుగు దూరినప్పుడే అది బాగా పనిచేస్తుంది. అందుకే మడి నిండా, కనీసం రెండు మూడు నెలలు బంతే ఉండాలి. టమాట చుట్టూ నాలుగు బంతి మొక్కలు పెడితే చూడటానికి బాగుంటుంది, అంతే. కలుపు కూడా తీయాలి. బంతి మధ్యలో కామంచి, బుడ్డకాశ పెరగనిస్తే పురుగు వాటి మీద హాయిగా బతుకుతుంది.

బాలానగర్ సీతాఫలం
మా దగ్గర సీతాఫలం గింజలు గుట్టలుగా పడేస్తారు. ఆ పొడి పనిచేస్తుందని విన్నాను.

కల్వకుర్తి అన్న
పురుగును చంపే గుణం ఆ గింజలో ఉంది నిజమే. కానీ ఆ పొడి కంట్లో పడితే చూపుకే ప్రమాదం. ఎకరానికి కావలసినంత ఇంట్లో దంచడం మాత్రం వద్దన్నా.

పాలమూరు మేడతోట
నాది డాబా మీద పది గ్రో బ్యాగులు. వంకాయలో బుడిపెలు వచ్చాయి. ఆ మట్టి పారేయాలా?

నకిరేకల్ సరస్సు గట్టు
పారేయకండి. వేళ్లు ఏరేసి, మట్టి తడిపి పారదర్శక కవర్లో మూట కట్టి ఈ ఎండల్లో డాబా మీద నెల రోజులు పెట్టండి, మధ్యలో ఒకసారి తిరగేయండి. తర్వాత వేప పిండి, వర్మీకంపోస్టు కలిపి రెండు వారాలు తడిగా ఉంచి, ఆకుకూరలో మొదట మెంతి వేసి చూసుకోండి.

దేవరకొండ చెల్క
అన్నలూ, అక్కా, సార్, ఇంతమంది ఇంత రాస్తారనుకోలేదు. నా ప్లాన్ ఇది, తప్పుంటే చెప్పండి. నాలుగు కోతలు అయ్యాక తోట తీసేస్తాను. ఏప్రిల్‌లో దున్ని ఎండబెడతాను. జూన్‌లో ముప్పావు ఎకరం బంతి, ముప్పావు ఎకరం జనుము. అక్టోబరులో పిండి. ట్రైకోడెర్మా అనే జీవ శిలీంద్రం కలపమని మా అన్న అంటున్నాడు.

తోటబడి
చెట్లు కోసేయకుండా వేళ్లతో సహా పీకండి, పొలం బయట ఎండబెట్టి కాల్చేయండి. వేరు నేలలో ఉంటే ఒక్కో బుడిపెలో వందల గుడ్లు. పెంట దిబ్బలో కూడా వేయొద్దు. ఆపైన పది పదిహేను రోజుల తేడాతో రెండు మూడు సార్లు లోతుగా దున్ని మట్టిని ఎండకు తిరగేయండి. ట్రాక్టర్ ఈ మడి దున్నాక కల్టివేటర్ కడిగించి మిగతా మడికి పంపండి, వేరే ఊరి బండైతే వచ్చేటప్పుడు కూడా.

జీవ శిలీంద్రాలు తప్పకుండా కలపండి, కానీ సంచిలోంచి నేరుగా నేలలో పోయకండి. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ చెప్పే పద్ధతి ఇదీ: టన్ను మాగిన పెంటకు ట్రైకోడెర్మా, సూడోమోనాస్ (ఇది బ్యాక్టీరియా), పెసిలోమైసిస్ రెండేసి కిలోలు కలిపి, చెట్టు నీడన కుప్ప పోసి, గడ్డి కప్పి, పిడికిట పడితే ముద్ద అయ్యేంత తడి ఉంచాలి. వారానికోసారి తిరగేస్తూ 15 రోజులు పెట్టాలి. పెసిలోమైసిస్ ఈ నులిపురుగు గుడ్లను తినే శిలీంద్రం, ఇప్పుడు పర్ప్యూరియోసిలియం అని రాస్తున్నారు. ప్యాకెట్ మీద తయారైన తేదీ చూడండి, ఎండలో బల్ల మీద పెట్టి అమ్మేది కొనకండి. ఆ నెలలో కార్బెండజిమ్, కాపర్ ఆక్సీక్లోరైడ్ లాంటివి మొదలు దగ్గర పోస్తే పెంచిన శిలీంద్రమూ చస్తుంది.

కల్వకుర్తి అన్న
ఇంకొకటి తమ్మీ, ఒక్క ఏడాదికి సున్నా అవుతుందనుకోకు. వచ్చే టమాటకు కూడా కొన్ని బుడిపెలు వస్తాయి. ఆ తర్వాత మళ్లీ వంకాయో బెండో పెట్టావంటే ఖర్చంతా బోరులో పోసినట్టే. జొన్న, నువ్వులు, ఉల్లి మధ్యలో తిప్పు.

మిడ్జిల్ ప్రకృతి సేద్యం
తోటబడి సార్ మాట నాకు ఇంకా పూర్తిగా ఎక్కలేదు. మా బామ్మర్దికి చెల్క ఉంది, బుడిపెలు ఉన్నాయి. సగం మడికి జీవామృతం ఒక్కటే, సగానికి పిండి, పెంట వేయించి చూస్తాను. ఎలా లెక్క కట్టాలో చెప్పండి.

తోటబడి
మంచి పని. చివరి కోత తర్వాత ఒక్కో సగంలో అటూ ఇటూ తిరిగి పది చెట్లు మెల్లగా తవ్వి తీయండి, లాగితే సన్న వేళ్లు నేలలోనే తెగిపోతాయి. కడిగి బుడిపెలు లెక్కపెట్టి మార్కులు వేయండి. ఏమీ లేకపోతే 0, ఒకటి రెండు ఉంటే 1, పది దాకా 2, ముప్పై దాకా 3, వంద దాకా 4, ఆపైన 5. పది చెట్ల సగటు తీయండి. కాయ బరువు కూడా రెండు సగాలకు వేరువేరుగా రాసుకోండి, బుడిపె ఉన్నా కాసే చెట్లుంటాయి.

మిడ్జిల్ ప్రకృతి సేద్యం
మధ్యలో ఎంత వదలాలి?

తోటబడి
రెండు సాళ్లు ఖాళీగా వదిలేయండి. పిండి వేసిన వైపు పల్లంలో ఉండేలా చూడండి, నీళ్లు అటు నుంచి ఇటు పారకూడదు. తవ్వే పార ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పోయేటప్పుడు కడగాలి.